తెర పేరు తప్పు చెప్పరాదు

కొంతకాలము క్రిందట ఒకనాటి రాత్రి, పదకొండు గంటల వేళ, మా కార్యాలయమున కొత్తగా చేరిన కుర్రవాడొకడు నా బల్ల దగ్గరకు వచ్చి, “అన్నా, ఒక్కసారి వచ్చి చూస్తారా? స్క్రీనంతా పిచ్చి పిచ్చిగా వస్తోంది” అని పిలిచెను. వెళ్లి చూచితిని. దూరమందున్న సర్వరులో అతడొక సెటప్ ప్రోగ్రామును తెరచియుండెను. నాలుగు వైపుల సన్నని గీతలతో చక్కని పెట్టె కనబడవలసిన చోట, పై అంచున ఒక ‘ఎల్’, దాని వెనుక బారులు తీరిన ‘క్యూ’లు, చివర ఒక ‘కే’, రెండు ప్రక్కల నిలువునా ‘ఎక్స్’లు, అడుగున ‘ఎమ్’తో మొదలై ‘జే’తో ముగిసిన మరొక క్యూల వరుస. రంగులు ఒక్కటియు లేవు. “ఏమి చేశావు?” అని అడిగితిని. “గీతలు సరిగా రావడం లేదని నెట్‌లో చూసి టెర్మ్‌ను వీటీ100 అని మార్చాను అన్నా. గీతలు రాలేదు సరికదా, ఉన్న రంగులు కూడా పోయాయి” అని చెప్పెను.

ఆ కుర్రవాడు తెలివితక్కువవాడు కాడు. మంచి కళాశాలలో చదివినవాడు, పనిలో శ్రద్ధ కలవాడు. ఐనను అతనికి ఎవరును చెప్పని విషయమొకటి కలదు. ప్రోగ్రాముకు మనము బయటినుండి అందించు మాటలలో కొన్ని సాక్ష్యములు, కొన్ని కోరికలు. కోరికను ఎట్లయినను చెప్పుకొనవచ్చును. సాక్ష్యమును ఉన్నదున్నట్లు చెప్పవలయును. ఈ భేదము తెలియకపోవుటచేతనే ఎందరో ఇంజనీర్లు రాత్రులు పాడుచేసికొనుచున్నారని నా దృఢమైన అభిప్రాయము.

దీని మూలము తెలియుటకు కొంత వెనుకకు పోవలయును. 1970ల చివర అమెరికాలో యూనిక్స్ యంత్రములకు తగిలించిన టెర్మినళ్లు ఒకదానితో ఒకటి పొసగని జాతులవి. లియర్ సీగ్లర్ వారి ఏడీఎం-3ఏ ఒక సంకేతమునకు కర్సరును కదలించును. 1978లో డెక్ సంస్థ వెలువరించిన వీటీ100 వేరొక సంకేతము పంపిననే గాని కదలదు. బర్కిలీలో బిల్ జాయ్ వీఐ ఎడిటరును వ్రాయునపుడు, ఈ జాతులన్నింటి గుణగణములను ఒకచోట వ్రాసియుంచు టెర్మ్‌క్యాప్ అను పట్టికను కల్పించెను. అతని ఎడిటరులో కర్సర్ కదలికలను పొదుపుగా నడుపు భాగమును ఆధారము చేసికొని కెన్ ఆర్నాల్డ్ కర్సెస్ అను లైబ్రరీని తీర్చెను. పొదుపు ఎందుకన్న ప్రశ్నకు చిన్న లెక్కయే సమాధానము. 80 నిలువు వరుసలు, 24 అడ్డు వరుసలు గల తెర నిండుటకు 1920 అక్షరములు కావలయును; 300 బాడ్ వేగమున సెకనుకు 30 అక్షరములే వచ్చును; అనగా తెర ఒక్కసారి నిండుటకు 64 సెకన్లు. అట్టి కాలమున ఒక్క అక్షరము మారినందుకు తెరనంతటిని మరల గీయుట అన్యాయమే కదా. పాత తెరకును కొత్త తెరకును గల తేడాను మాత్రమే పంపుట కర్సెస్ నేర్పిన విద్య. పావెల్ కర్టిస్ వ్రాసిన పీకర్సెస్ మీదుగా జెయిద్ బెన్-హలీమ్, ఎరిక్ రేమండ్, టామస్ డిక్కీల చేతులలో పెరిగిన ఎన్‌కర్సెస్ నేడు ఇంచుమించు ప్రతి లినక్స్ యంత్రమునందును కొలువై యున్నది.

ఇట్టి లైబ్రరీకి ఎదుటనున్న తెర ఏ జాతిదో చెప్పువారెవరు? అందుకే 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పుతో వచ్చిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అను ఏర్పాటు ఇక్కడ అక్కరకు వచ్చెను. ఊరికి బయలుదేరిన కొడుకు చేతికి తల్లి కట్టి ఇచ్చిన మూట వంటిది ఇది. ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును పుట్టించునపుడు కొన్ని పేర్లను, వాటి విలువలను మూటగట్టి ఇచ్చును. పిల్ల ప్రోగ్రాము ఆ మూటను విప్పి వాడుకొనవచ్చును, తన పిల్లలకు మార్చి ఇయ్యవచ్చును, కాని తల్లి దగ్గర మిగిలినదానిని మాత్రము ముట్టలేదు. ఆ మూటలో టెర్మ్ అను పేరు అన్నింటికంటె ముఖ్యమైనది. టెర్మినల్ ప్రోగ్రాము తానెవరో తానే చెప్పుకొను మాట అది. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వేరొక యంత్రమునకు పోవునపుడు తక్కిన పేర్లు మనము ప్రత్యేకముగా పంపి, అవతలివారు ఒప్పుకొన్ననే గాని పోవు. టెర్మ్ మాత్రము తెర కొలతలతో కలిసి ఆ ఒప్పందములో భాగముగానే సాగిపోవును. దానికింతటి గౌరవము దక్కినది అది సాక్ష్యము కాబట్టియే.

మన కుర్రవాడు చేసినది ఈ సాక్ష్యమును తారుమారు చేయుట. వీటీ100కు రంగులు లేవు గనుక, వీటీ100నని చెప్పిన తెరకు లైబ్రరీ రంగులు పంపదు. అది మాట నమ్మి మర్యాదగా నడుచుకొన్నది. మరి గీతలేల రాలేదు? వీటీ100 నాటినుండి వచ్చిన ఆచారమొకటి కలదు. గీతలు గీయవలెనన్న ముందు ఒక సంకేతముతో అక్షరమాలను మార్చి, పిమ్మట ‘క్యూ’ పంపిన అడ్డగీత, ‘ఎక్స్’ పంపిన నిలువుగీత, ‘ఎల్’ పంపిన పై ఎడమ మూల వచ్చును. అతడు వాడుచున్న పాత టెర్మినల్ ప్రోగ్రాము యూటీఎఫ్-8లో నున్నంతసేపు ఆ సంకేతమును లెక్కచేయదు. అందుచేత క్యూలు క్యూలుగానే మిగిలినవి. ఇట్టి సందర్భమును ఎన్‌కర్సెస్ కర్తలు ముందుగానే ఊహించి, ‘ఎన్‌కర్సెస్ నో యూటీఎఫ్8 ఏసీఎస్’ అను వేరియబులును ఉంచిరి. దానికి 1 అని విలువ ఇచ్చినచో లైబ్రరీ ఆ పాత ఆచారమును విడిచి, యూనికోడ్‌లో గీతలకున్న అక్షరములనే నేరుగా పంపును. టెర్మ్‌ను మరల దాని నిజమైన పేరునకు మార్చించి, ఈ ఒక్క మాటను చేర్చించితిని. రంగులు వచ్చినవి, పెట్టె నాలుగు గీతలతో నిండుగా నిలిచినది. ఒక అబద్ధము చేయలేని పనిని ఒక నిజమును, ఒక కోరికయు కలిసి చేసినవి.

కోరికల జాతికి చెందినదే ఎస్కేప్ డిలే అను మరొక వేరియబుల్, మిక్కిలి ఆసక్తికరమైనది. కీబోర్డు మీద పై బాణమును నొక్కినపుడు టెర్మినల్ ఒక్క అక్షరమును కాక మూడింటిని వరుసగా పంపును. అందులో మొదటిది ఎస్కేప్, అనగా 27వ సంకేతము. మనము ఎస్కేప్ మీటను మాత్రమే నొక్కినను అదే 27 పోవును. లైబ్రరీకి తొలి అక్షరము చేరిన క్షణమున ఇది ఒంటరి ఎస్కేపా, రాబోవు బాణమునకు తలయా అని తెలియదు. తెలియుటకు వేచియుండుట తప్ప వేరు దారి లేదు. ఎన్‌కర్సెస్ 1000 మిల్లీసెకన్లు, అనగా నిండు సెకను వేచియుండును. 300 బాడ్ వేగమున మూడు అక్షరములు చేరుటకు సెకనులో పదవ వంతు పట్టిన దినములలో, మధ్యలో జాప్యములకు కూడ చోటిచ్చి, ఈ గడువు ఉదారమైన నిర్ణయమే. నేడు బల్లమీది యంత్రమున ఆ సెకను భరింపరానిది. మెనూ నుండి బయటకు రాదలచి ఎస్కేప్ నొక్కి, ఏమియు కదలక, మరల మరల నొక్కి, రెండు మెట్లు వెనుకకు పడిపోవువారిని నేను ఎందరినో చూచితిని. దీనిని 25కో 50కో తగ్గించుకొనుటలో తప్పేమియు లేదు. ఐతే దూరపు సర్వరులో, నెట్‌వర్కు నిలిచి నిలిచి నడచుచోట, మరీ తగ్గించినచో బాణము ముక్కలై, ఎస్కేప్ ఒకటిగా, అర్థము లేని రెండక్షరములు వేరొకటిగా విడిపోవును. ఎవరి గడువు ఎంతయో వారి త్రోవయే నిర్ణయించును. కనుకనే దీనిని ప్రోగ్రాములో గట్టిగా బిగింపక వాడువాని చేతికి వదలుట సముచితమని నేను తలంతును.

లైన్స్, కాలమ్స్ అను రెండు పేర్ల సంగతి వేరు. అవి సాక్ష్యములే, కాని పాతబడు సాక్ష్యములు. వాటిని ఎవరైనను మూటలో కట్టి పంపినచో లైబ్రరీ సాధారణముగా వాటినే ప్రమాణముగా గైకొనును. పిదప మనము కిటికీని ఎంత పెద్దది చేసినను ప్రోగ్రాము తన పాత 80 వరుసలలోనే ముడుచుకొని కూర్చుండును. కారణము లేక వీటిని ఎక్స్‌పోర్ట్ చేయరాదు. తెర పరిమాణము తెరనే అడుగుట మేలు.

టెర్మ్‌ఇన్ఫో అను పేరు గురించి మరింత గంభీరముగా మాటాడవలయును. టెర్మినళ్ల వర్ణనలు ఏ డైరెక్టరీలో నున్నవో చెప్పునది ఇది. సౌకర్యమే, కాని దారి చూపువాడు మనలను దోపిడీగాండ్ర చేతికిని అప్పగింపగలడు. 2023లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు బయటపెట్టిన లోపము ఇదియే: ఈ వేరియబుల్ ద్వారా చెడగొట్టిన వర్ణనను చదివించి, మెమరీని పాడుచేసి, ఉన్నతాధికారములతో నడచు ప్రోగ్రామును వశము చేసికొనుటకు వీలుండెను. లైబ్రరీని సరిదిద్దిరి, అట్టి ప్రోగ్రాములు ఈ పేర్లను పట్టించుకొనకుండ చేయు ఏర్పాట్లు కూడ కలవు. ఇందుచేత ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లే ప్రమాదకరములని, అన్నింటిని మూసివేయవలెనని కొందరు వాదింతురు. నేను ఒప్పుకొనను. సాధారణ వినియోగదారుడు తన తెరను గూర్చి తాను చెప్పుకొను హక్కును తీసివేయుట, దొంగ భయముతో ఇంటికి తలుపే లేకుండ గోడ కట్టుట వంటిది. రూట్ అధికారముతో నడచు ప్రోగ్రాము మాత్రము అపరిచితుని మూటను విప్పరాదు. ఆ హద్దు ఉన్న చాలును.

ఇక మన భాషకు సంబంధించిన ముక్క. ‘లక్ష్మి’ అను పేరును టెర్మినల్‌లో చూపవలెనన్న యూనికోడ్‌లో ఏడు సంకేతములు, యూటీఎఫ్-8లో 21 బైట్లు అగును. లాంగ్ లేక ఎల్‌సీ సీటైప్ అను లొకేల్ వేరియబుల్ సరిగా లేకున్నను, ఉన్నదానిని ప్రోగ్రాము ప్రారంభమున అడిగి తెలిసికొనకున్నను, లైబ్రరీ ఆ 21 బైట్లను 21 అక్షరములుగా భ్రమించి తెరనంతటిని చిందరవందర చేయును. వేరియబులును సరిచేసిన తరువాతనైనను కథ ముగియదు. ల, క, ష, మ లకు తలకొక గడి, పొల్లునకును గుడికిని సున్న గడులు అని లెక్కవేసి లైబ్రరీ నాలుగు గడులు కేటాయించును. కాని మన కంటికి అది రెండక్షరముల పేరు, క్రింద ఒత్తులు పేర్చిన అక్షరము. గడి గడికి ఒక అక్షరమని ఆంగ్లమును దృష్టిలో నుంచుకొని కట్టిన ఆ చదరములో ఒత్తులకు స్థానము లేదు. ఏ వేరియబుల్ విలువ మార్చియు దీనిని సరిదిద్దలేము. ఇది నాకు నిజముగా బాధ కలిగించు విషయము. టెర్మినల్ ప్రోగ్రాములు వ్రాయు తెలుగువారు ఈ దిశగా శ్రమింపవలయునని కోరుచున్నాను.

మరల టెర్మ్ వద్దకు వత్తును, ఏలయన ఎక్కువ మంది తప్పు చేయునది అక్కడనే. కొత్త టెర్మినల్ ప్రోగ్రాములు తమకు ప్రత్యేకమైన పేర్లు పెట్టుకొనుచున్నవి. పాత సర్వరునకు ఆ పేరు తెలియక, ఈ టెర్మినల్ ఎవరో నేనెరుగనని ప్రోగ్రాము ఆగిపోవును. వెంటనే మనవారు బాష్ ఆర్సీ ఫైలులో టెర్మ్ ఎక్స్‌టెర్మ్ అని శాశ్వతముగా వ్రాసివైతురు. ఆ రాత్రికి పని జరుగును. మరునాడు స్క్రీన్ అను ప్రోగ్రాము లోపల పని చేయునపుడు కూడ అదే పేరు చెప్పబడును. ఎక్స్‌టెర్మ్ చెరిపిన చోట రంగు నింపునుగదా అని లైబ్రరీ నమ్మి ఊరకుండును. మామూలు అమరికలో స్క్రీన్ ఆ పని చేయదు. నేపథ్యపు రంగు అక్కడక్కడ చిరిగి మచ్చలు మచ్చలుగా మిగులును. వ్రాసినవాడు ఆ లైనును ఎప్పుడో మరచిపోయియుండును. నిజమైన మందు కష్టమైనది కూడ కాదు: మన యంత్రమున ఇన్ఫోకంప్ అను ఆదేశముతో ఆ టెర్మినల్ వర్ణనను వెలికితీసి, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా అవతలి యంత్రమున టిక్ అను ఆదేశమునకు అందించిన చాలును. రూట్ అధికారము లేకున్నను అది మన సొంత హోమ్ డైరెక్టరీలో చేరి, ఆనాటినుండి ఆ సర్వర్ మన తెరను పేరుపెట్టి గుర్తించును.

ఇంజనీరింగ్ కళాశాలలలో యూనిక్స్ ల్యాబు నడపు అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. ఎల్ఎస్, సీడీ, గ్రెప్ నేర్పిన వారములోనే ఒక గంట దీనికి కేటాయింపుడు. పిల్లలచేత ఎకో డాలర్ టెర్మ్ అని కొట్టించి, వచ్చిన పేరు ఎవరిదో వారినే కనుగొననిండు. ఎస్కేప్ డిలేను 1000 నుండి 25కు మార్పించి తేడాను వారి వ్రేళ్లకే తెలియనిండు. ఇప్పటికే ఉద్యోగములలో నున్నవారు ఈ పూట తమ బాష్ ఆర్సీ ఫైలును తెరచి, టెర్మ్‌ను మార్చు లైను అందులో ఉన్నదేమో చూడుడు, ఉన్నచో తీసివేయుడు.