బోర్డు ఉన్న రోడ్డు

స్విట్జర్లాండ్ గురించి తెలుగులో వచ్చే యాత్రావ్యాసాలు చదువుతుంటే ఒక దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. మంచుకొండలు అయ్యాక, పచ్చికబయళ్ళు అయ్యాక, సరస్సు రంగు మీద నాలుగు వాక్యాలు అయ్యాక, ఆ ప్రశాంతత ఆ దేశానికి ప్రకృతి ఇచ్చిన వరం అన్న మాట తప్పకుండా వస్తుంది. దాంతో పేరా ముగుస్తుంది. రాసినవాళ్ళని మాత్రం ఏమనగలం? మనకి ఆ దేశాన్ని ముందు పరిచయం చేసినవి సినిమా పాటలు. హీరో హీరోయిన్లు నడిరోడ్డు మీద గంతులేస్తుంటే వెనక నుంచి ఒక్క బండీ రాదు. ఆ రోడ్డు ఎందుకు ఖాళీగా ఉందని మనం ఏనాడూ అడగలేదు.

కొండల్ని ప్రకృతే ఇచ్చింది, ఒప్పుకుంటాను. మంచునీ జలపాతాల్నీ కూడా. ప్రశాంతత సంగతి వేరు. దాన్ని అక్కడి మనుషులు కూర్చుని, కొట్లాడుకుని, ఓట్లేసుకుని తెచ్చుకున్నారు. కొన్నిసార్లు ఓడిపోయి పోగొట్టుకున్నారు. వరం అనేస్తే ఆ కొట్లాట మొత్తం మాయమైపోతుంది. మనకీ హాయి, ఎందుకంటే వరాలు రానివాళ్ళు చెయ్యగలిగిందేమీ ఉండదు కదా!

ఈ సంగతి నాకు సైకిల్ మీద తెలిసింది. బెర్న్‌లో ఉన్న రోజుల్లో ఒక వేసవి శనివారం సైకిల్‌ని రైలెక్కించుకుని మైరింగెన్ వెళ్ళాను. హాస్లీ లోయలో చిన్న ఊరు. కానన్ డాయల్ తన షెర్లాక్ హోమ్స్‌ని వదిలించుకోవాలని తోసేసిన రైకెన్‌బాక్ జలపాతం ఆ ఊరి పక్కనే. అక్కణ్ణుంచి రోజెన్‌లావి మీదుగా గ్రోసె షైడెగ్ అనే కనుమకి ఎక్కాలి. ఊరు ఆరువందల మీటర్ల ఎత్తులో ఉంటే కనుమ 1962 మీటర్ల దగ్గర ఉంటుంది. రోడ్డు సన్నం. కింది భాగంలో కార్లు తిరుగుతూనే ఉంటాయి. అక్కడి డ్రైవర్లు మర్యాదస్తులే. అయినా వెనక ఇంజన్ చప్పుడు వినబడగానే ఒళ్ళు దానంతటదే అంచుకి జరుగుతుంది. మన ఊళ్ళలో సైకిల్ తొక్కినవాళ్ళకి ఆ జరగడం నేర్పక్కర్లేదు.

ష్వార్ట్స్‌వాల్డ్‌ఆల్ప్ దాటాక ఒక బోర్డు ఉంది. తెల్లటి గుండ్రని బోర్డు, చుట్టూ ఎర్ర అంచు, లోపల కారు బొమ్మ, దాని మీద మోటార్ సైకిల్ బొమ్మ. ఇక్కణ్ణుంచి సొంత బళ్ళు రాకూడదని అర్థం. బోర్డు దాటిన కాసేపటికి నా భుజాలు వదులయ్యాయి. అప్పటిదాకా అవి బిగుసుకుని ఉన్నాయని కూడా నాకు తెలీదు. ఆవుల మెడల్లో గంటలు, నా ఊపిరి, గొలుసు చప్పుడు, అంతే. నెత్తి మీద వెట్టర్‌హార్న్ రాతిగోడ. ముందు ఒక తల్లీ, ఎనిమిదేళ్ళ పిల్లా రోడ్డుకి అడ్డంగా వంకరటింకరగా తొక్కుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఏ తల్లయినా పిల్లని రోడ్డు మధ్యలో తొక్కనివ్వడం నేనదే మొదటిసారి చూడటం.

ఇక్కడ మీరొక ప్రశ్న అడుగుతారు, నాకు తెలుసు. మోకాళ్ళు లేని ముసలమ్మ ఆ కొండ ఎలా చూస్తుంది? బస్సెక్కి చూస్తుంది. ఆ రోడ్డు మీద బస్సుకి అడ్డు లేదు. నేను కనుమ చేరేలోపే ఒకటి నన్ను దాటి వెళ్ళింది, నిండా ముసలివాళ్ళు. ఆల్ప్స్ కొండదారుల్లో పోస్టుబస్సులు మలుపుల దగ్గర మూడు స్వరాల హారన్ కొడతాయి. రోసీనీ 'విలియమ్ టెల్' ఒపేరా సంగీతంలోంచి తీసుకున్న స్వరాలవి. అలాంటి దారుల్లో బస్సుకే ముందు హక్కు, మిగతావాళ్ళు తప్పుకోవాలి. నాలుగు కార్లలో పదిమంది వెళ్ళేబదులు ఒక్క బస్సులో నలభైమంది వెళ్తారు. కారు లేకపోతే కొండ పేదవాళ్ళకి, ముసలివాళ్ళకి అందదనే వాదన ఆ దారిలో నిలబడదు.

ఇదంతా ఈ కాలపు పర్యావరణ ఫ్యాషన్ అనుకునేవాళ్ళు గ్రౌబ్యుండెన్ కథ వినాలి. తూర్పున ఉన్న కాంటన్ అది, ఎంగడిన్ లోయ, సెంట్ మోరిట్జ్ అన్నీ అందులోవే. 1900లో అక్కడి ప్రభుత్వం కాంటన్‌లోని ఏ రోడ్డు మీదా మోటారు కారు నడపకూడదని నిషేధం పెట్టింది. ఒకటో రెండో ఊళ్ళ సంగతి కాదిది, మొత్తం కాంటన్! ఆ నిషేధం 1925 దాకా ఉంది. మధ్యలో ఎత్తేద్దామని మళ్ళీ మళ్ళీ ఓటింగుకి పెట్టారు. మళ్ళీ మళ్ళీ జనం వద్దన్నారు. కారు తెచ్చుకున్న ఆసామి సరిహద్దు దాటాలంటే దానికి గుర్రాల్ని కట్టి లాగించుకోవాల్సి వచ్చేది.

నవ్వొస్తోంది కదా? నాకూ వచ్చింది, కాసేపు. కానీ ఆ రోజుల్లో కారు ఎవరిది? ఊరి మీదికి షికారుకొచ్చే డబ్బున్న పరాయివాడిది. రోడ్డు వేసిందీ, బాగుచేసుకునేదీ రైతు. గుర్రం బెదిరితే బండి బోల్తా పడేది రైతుది. దుమ్ము రైతు గడ్డి మీద పడేది. మా రోడ్డు మీద నీ సరదా ఏంటని వాళ్ళు అడిగారు. అందులో వెనకబాటుతనం నాకైతే కనపడలేదు. పైగా వాళ్ళకి యంత్రాలంటే పగేమీ లేదు. కార్లు వద్దన్న ఆ రోజుల్లోనే, ఆ కాంటన్‌లోనే ఆల్బులా కొండల్ని తొలిచి, సొరంగాలూ వంతెనలూ కట్టి, 1904కల్లా సెంట్ మోరిట్జ్ దాకా రైలు వేశారు. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది ఆ రైలుమార్గమే. ఏ యంత్రం కావాలో, ఏది అక్కర్లేదో మేం చెప్తాం అన్నారు, అంతే.

ఆ తర్వాత ఓడిపోయారు. ఈ భాగాన్ని ఎవరూ రాయరు. 1973 చమురు సంక్షోభంలో స్విట్జర్లాండ్ మూడు ఆదివారాలు కార్లు ఆపేసింది. జనం హైవేల మీద నడిచారు, సైకిళ్ళు తొక్కారు. ఆ రుచి మరిగి, ఏడాదికి పన్నెండు ఆదివారాలు ఇలా ఉండాలని 1978లో ఓటింగుకి వెళ్తే దేశం కాదంది. పోనీ నాలుగైనా ఇవ్వండి, అదీ కొన్నేళ్ళు ప్రయోగంగా, అని 2003లో అడిగితే మళ్ళీ కాదంది. ఏడాదికి నాలుగు ఆదివారాలు! మనం స్వర్గమని రాసుకునే దేశం అదీ ఇవ్వనంది.

ఇచ్చినదేమిటంటే పండగ. 2000లో మూర్టెన్ సరస్సు చుట్టూ మొదలైన 'స్లోఅప్' ఇప్పుడు చాలాచోట్ల జరుగుతుంది. వలే కాంటన్‌లో రోన్ నది లోయలో సియోన్, సియెర్ ఊళ్ళ మధ్య కూడా. ఒక ఆదివారం ముప్ఫై కిలోమీటర్లో ఎంతో రోడ్డు మూసేస్తారు. సైకిళ్ళు, స్కేట్లు, సాసేజీలు, స్పాన్సర్ల జెండాలు. బావుంటుంది, కాదనను. సాయంత్రం అడ్డుగోడలు తీసేస్తారు, సోమవారం అంతా మామూలే. కొందరు కారు మీద సైకిల్ కట్టుకుని మరీ కార్లు లేని రోడ్డుకి వస్తారు. ఏడాదికొక్కరోజు గుడి తలుపు తీసినట్టు రోడ్డు తీస్తే భక్తి పెరుగుతుందేమో గానీ, బడికెళ్ళే పిల్లకి దారి దొరకదు. గ్రోసె షైడెగ్ మీది బోర్డు గొప్పతనం అదే. దానికి పండగ అక్కర్లేదు, మంగళవారం కూడా పనిచేస్తుంది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కొన్ని ప్రశాంతతలు అరువు తెచ్చుకున్నవి. గొట్థార్డ్ కనుమకి దక్షిణంగా దిగే పాత త్రెమోలా రోడ్డు రాళ్ళు పరిచిన దారి, మలుపు మీద మలుపు. దాని మీద సైకిల్ తొక్కడం ఒక తీర్థయాత్ర అంటారు. ఆ రోడ్డు ఎందుకు ఖాళీ అయింది? 1980లో కొండ కింద దాదాపు 17 కిలోమీటర్ల కారు సొరంగం తెరిచారు కనక. ఆ బళ్ళెక్కడికీ పోలేదు. కింద లెవెంతీనా లోయలో, రాత్రీ పగలూ, ఎవరి కిటికీ పక్కనుంచో పోతున్నాయి. పైన మనం ఫొటో తీసుకుంటాం, కింద వాళ్ళు కిటికీ మూసుకుంటారు. లోయల్లో ఉండేవాళ్ళు దీనికీ పోట్లాడారు. ఆల్ప్స్ దాటే సరుకు రైలెక్కాలని 1994లో ఓటింగులో గెలిచి రాజ్యాంగంలో రాయించుకున్నారు. రాయించుకున్నంతా జరగలేదు. కానీ అడగడానికి చేతిలో కాగితం ఉంది. 2018లో సైకిల్ దారుల్ని కూడా అలాగే రాజ్యాంగంలోకి ఎక్కించారు, ఈసారి దాదాపు మూడొంతుల్లో రెండొంతులు దాటిన ఓట్లతో.

అది స్విట్జర్లాండ్ కాబట్టి కుదిరింది, మనకి కుదరదు అంటారు. చూశారుగా, వాళ్ళకీ ఊరికే కుదర్లేదు. పైగా మనం కాపీ కొడుతున్నది వాళ్ళ పండగని, బోర్డుని కాదు. 2021లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బళ్ళు ఆపారు. పిల్లలు పరుగెత్తారు, మనం సెల్ఫీలు దిగాం. 2023లో ఔటర్ రింగురోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు. ముచ్చటైన ట్రాక్. అక్కడిదాకా సైకిల్ మీద వెళ్ళేది ఎవరు? మన ఊళ్ళో రోజూ సైకిల్ తొక్కే మనిషి అక్కడ కనపడడు. అతను తెల్లారుజామున పేపర్లు వేస్తుంటాడు. రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్‌గా ఫ్లైఓవర్ కింద లారీ పక్కన ఒదిగి ఇంటికి పోతుంటాడు. అతన్నెవరూ సైక్లిస్ట్ అనరు.

మా నాన్న ఇరవై ఏళ్ళు బెజవాడలో సైకిల్ మీదే ఆఫీసుకి వెళ్ళాడు. ఒకరోజు బందరు రోడ్డు మీద లారీ మోచేతిని రాసుకుంటూ పోయింది. పెద్ద దెబ్బేం తగల్లేదు. మర్నాటి నుంచి సైకిల్ తాళం తియ్యలేదు, ఎందుకో మాకెవరికీ చెప్పలేదు కూడా. అమ్మ ఒకసారి అడిగితే, వయసైపోయింది లేవే, అన్నాడు. అప్పటికాయనకి నలభై ఆరు. గ్రోసె షైడెగ్ బోర్డు దాటి నా భుజాలు వదులైనప్పుడు గుర్తొచ్చింది ఈ మాటే.

అందుకని, ఈసారి మీరు అక్కడికెళ్ళి వ్యాసం రాస్తే, కొండల గురించి రాయండి, సరస్సు రంగు గురించి రాయండి. రోడ్డు ఖాళీగా కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి, అక్కడ బోర్డు ఉందేమో చూడండి. దాన్ని ఎవరు అడిగారు, ఎవరు వద్దన్నారు, ఎన్నిసార్లు ఓటేశారు అని ఎవర్నైనా అడిగి, అది కూడా రాయండి. చదివినవాళ్ళలో ఒకరైనా తమ వీధి చివర నిలబడి, ఇక్కడ ఆ బోర్డు ఎందుకు లేదని అడుగుతారు.