గీత అవతల కూడా మన చుట్టాలే



పోయిన దసరా సెలవుల్లో మా మేనమామ ఊరికి పోయాను. అది మహారాష్ట్రలో, కిన్వట్ దగ్గర. దారిలో బోర్డుల మీద తెలుగు అక్షరాలు పోయి మరాఠీ అక్షరాలు వచ్చాయి. అంతే! నన్నెవరూ ఆపలేదు, ఏ కాగితమూ అడగలేదు. 1956 వరకు కిన్వట్ మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేదని మా సారు చెప్పారు. రాష్ట్రాలను విడగొట్టినప్పుడు గీత మారింది. మా మామ ఊరు మాత్రం ఉన్నచోటనే ఉంది.

అదే గీత రెండు దేశాల మధ్య పడితే? నాగాలాండ్‌లోని మోన్ జిల్లాలో లోంగ్వా అనే ఊరుంది. అక్కడ కొన్యాక్ నాగాలు ఉంటారు. భారత్, మయన్మార్ సరిహద్దు ఆ ఊరి పెద్ద ఇంటి మధ్య నుంచే పోతుంది! అక్కడి వాళ్లు సరిహద్దుకు అటూ ఇటూ 16 కిలోమీటర్ల దాకా వీసా లేకుండా పోయి వచ్చేవారు. 2024 ఫిబ్రవరిలో ఆ వెసులుబాటు తీసేస్తామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. 1,643 కిలోమీటర్ల సరిహద్దు పొడవునా కంచె వేస్తామన్నది.

నా అభిప్రాయం వేరు. కంచెలు పెరగకూడదు, తగ్గాలి. ఒకనాటికి దేశాల సరిహద్దులే పోవాలి. ఇది కలేమీ కాదు. 1950 ఒప్పందం ప్రకారం మనవాళ్లు నేపాల్‌కు, నేపాల్ వాళ్లు ఇక్కడికి పాస్‌పోర్టు లేకుండా పోయి వస్తున్నారు, పని చేసుకుంటున్నారు. యూరప్‌లో 29 దేశాలు తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేశాయి. చాలాసార్లు యుద్ధాలు చేసుకున్న ఫ్రాన్సు, జర్మనీ కూడా అందులో ఉన్నాయి.

"దొంగలొస్తారు" అని హాస్టల్లో ఒకరన్నారు. దొంగను పట్టడానికి పోలీసులున్నారు. దొంగ కోసం చుట్టాన్ని ఆపడం ఏం న్యాయం?

ఇంకొకరు అడిగింది పెద్ద ప్రశ్న. "బయటివాళ్లు వచ్చే కదా మన తాతల భూములు పోయాయి? అందరినీ రానిస్తే మన గతేంటి?" ఈ ప్రశ్నకు నాకు రెండు రోజులు జవాబు దొరకలేదు. తర్వాత 1/70 చట్టం గుర్తొచ్చింది. మన ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదని ఆ చట్టం చెబుతుంది. మనిషిని రావద్దని మాత్రం చెప్పదు. వచ్చి కష్టం చేసుకుని బతకడం వేరు, వచ్చి భూమి లాక్కోవడం వేరు. భూమికి చట్టం కాపలా ఉండాలి, మనిషికి దారి ఉండాలి.

మా మామ కొడుకు మరాఠీలో చదువుతాడు, నేను తెలుగులో. కలిస్తే ఇద్దరం గోండిలో మాట్లాడుకుంటాం. సరిహద్దు ఊళ్ల పిల్లలందరికీ ఈ అదృష్టం ఉండాలి.

మీరేమంటారు? కాదనేవాళ్లు వచ్చే నెల పత్రికలో రాయండి, తప్పక చదువుతాను.

— 10వ తరగతి విద్యార్థి