పాదచారికి బాట ఏది?

నగర నాగరికతకు కొలబద్ద మేడల ఎత్తు కాదు. ఒక వృద్ధుడు, ఒక బాలిక నిర్భయంగా నడువగలిగిన వీథియే దానికి తగిన కొలబద్ద. ఆ విధంగా చూచినచో మన హైదరాబాదు పాతనగరం నేడు చింతింపవలసిన స్థితిలో ఉన్నది.

మన పూర్వులకు ఈ విషయంలో శ్రద్ధ లేకపోలేదు. 1908 నాటి మూసీ వరద పిమ్మట, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడినది. అది పత్థర్‌గట్టీలో నిర్మించిన రాతి కమానుల వరుస క్రింద బాటసారి ఎండవానల బాధ లేక నడచిపోగలిగెడివాడు. నేడు ఆ నీడలో సరుకులు, దాని అంచున మోటారు సైకిళ్లు నిలిచి, మనిషి బస్సుల నడుమకు దిగవలసి వచ్చుచున్నది.

2022లో దేశంలో రహదారి ప్రమాదాలలో 1,68,491 మంది మరణించిరి. వారిలో పాదచారులు దాదాపు 33 వేల మంది. ఇంతమంది మరణమును కేవలం వారి అజాగ్రత్తకు అంటగట్టుట న్యాయమా?

కొందరు తోపుడుబండ్ల వారిని నిందింతురు. వారి జీవనోపాధికి 2014 నాటి వీథి వ్యాపారుల చట్టం రక్షణ కల్పించినది. వారికి తగిన స్థలం చూపుట పాలకుల విధి. పేదవానిని వెడలగొట్టి, ఆ చోటనే కారు నిలుపుకొనుట సంస్కరణ అనిపించుకొనదు.

2023లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిలు బాట సౌరఫలకాల కప్పుతో వెలసినది. సంతోషమే. కాని వ్యాయామానికి గాక, బస్సు ఛార్జీ మిగిలించుకొనుటకు సైకిలెక్కు విద్యార్థికి శాలిబండ నుండి అఫ్జల్‌గంజ్ వరకు మూరెడు బాటయైనను ప్రత్యేకించి లేదు.

కాలిబాట దయతో ఇచ్చెడి దానం కాదు. అది రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించు హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. నివాస ప్రాంతాలలో సైతం అది కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండవలెనని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వచ్చి తప్పుకొనుటకు అంత చోటు అవసరం.

కళాశాల కమిటీ పెద్దలకు రెండు విన్నపాలు. మన ద్వారం ముందరి కాలిబాటపై వాహనాలు నిలుపుట నిషేధింపుడు. సాయంకాలం నడచిపోవువారిని, సైకిళ్ల వారిని పది నిమిషాలు ముందుగా విడువుడు. విద్యార్థి మిత్రులారా! టేపు చేతబట్టి మన వీథులను కొలువుడు. ఎక్కడ బాట తెగినదో, ఎక్కడ దీపం లేదో, ఎక్కడ రోడ్డు దాటుటకు చారలు చెరిగిపోయినవో వ్రాసి నగరపాలక సంస్థకు, ట్రాఫిక్ పోలీసులకు అందజేయుడు. ఉర్దూలోను తెలుగులోను వ్రాసిన ఆ విజ్ఞప్తి మన రెండు శాఖల ఉమ్మడి కృషి కాగలదు.

దారిలోని అడ్డును తొలగించుట విశ్వాసంలో ఒక భాగమని ఇస్లాం బోధించుచున్నది. ఆ పుణ్యకార్యం మన కళాశాల వాకిటనే ఆరంభం కావలెను.