అమ్మ భాషలో ఉత్తరమంటే అంత భయమెందుకు?



మన అమలాపురం బిడ్డ, ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా సార్. గ్రీన్‌హంట్‌ని ఎదిరించి మన ఆదివాసీల తరఫున మాట్లాడారు. 2014లో అరెస్టు చేశారు. వీల్‌చైర్‌లో ఉన్న మనిషిని నాగపూర్ జైలు అండా సెల్‌లో పెట్టారు. తెలుగులో ఉత్తరాలు రాసుకోనివ్వలేదని భార్య వసంత గారే చెప్పారు. 2020లో తల్లి చనిపోతే చివరిచూపుకి కూడా పంపలేదు. 2024 మార్చిలో హైకోర్టు నిర్దోషి అంది. అక్టోబరుకల్లా సార్ లేరు.

సెక్యూరిటీ అంటారా? తెలుగు చదివే మనిషే దొరకలేదా? అది జైలు వాళ్ల చేతగానితనం, ఖైదీ నేరం కాదు. పౌర, రాజకీయ హక్కుల ఒప్పందం 17వ అధికరణం ఉత్తరాల్లో ఇష్టమొచ్చినట్టు జోక్యం వద్దంటుంది. 1979లో మన దేశం దాన్ని ఒప్పుకుంది. 2015 నాటి మండేలా నియమాలు కూడా ఇంటికి ఉత్తరం రాసుకోనివ్వమంటాయి, లాయరుతో మాట రహస్యంగా ఉంచమంటాయి. తనిఖీ వేరు, నిషేధం వేరు.

ప్రొఫెసర్‌కే ఇలాగైతే, కోయ తప్ప ఇంకో భాష రాని మన అన్న రేపు జైల్లో ఉంటే వాళ్లమ్మకి ఏ భాషలో కబురు పంపాలి?

జైలుకో అనువాదకుణ్ణి పెట్టండి. మా భాషకి తాళం వెయ్యకండి. ఇది మేం అడుక్కునే దయ కాదు, మా హక్కు.