యేసుకు సూపర్‌హీరో వేషం వేయకండి

వేసవి సెలవుల్లో వి.బి.ఎస్. మొదలైందంటే చాలు, కొన్ని సంఘాల్లో ఒక బొమ్మ గోడెక్కుతుంది. వీపు వెనకాల ఎగిరే ఎర్ర గుడ్డ, ఛాతీ మీద సిలువ గుర్తు, ఉబ్బిన కండలు. ఆ రూపంలో యేసు. కింద పెద్దక్షరాలతో ‘యేసే అసలైన సూపర్‌హీరో’ అని రాసి ఉంటుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, యవ్వనస్థులు సెల్ఫీలు దిగుతారు, పెద్దలు సువార్త అందిందని సంతోషిస్తారు. నేను సూపర్‌హీరో కామిక్స్ అభిమానిని. మంగళవాడలో కూర్చుని ఫోన్ తెర మీద కొత్త సంచికల కోసం ఎదురుచూసేవాణ్ణి. ఆ అభిమానంతోనే అంటున్నాను: ఆ బొమ్మ వల్ల సువార్తకూ అన్యాయం జరుగుతోంది, కామిక్స్‌కూ అన్యాయం జరుగుతోంది.

ఈ పోలికను బాగా వాడుకున్నది ఎవరో తెలుసా? 2013లో ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ సినిమా వచ్చినప్పుడు వార్నర్ బ్రదర్స్ సంస్థ అమెరికాలో పాస్టర్లకు ఆ సినిమా ముందుగా చూపించింది. ఆదివారం ప్రసంగానికి పనికొచ్చే నోట్సు కూడా రాయించి పంచింది. యేసే మొట్టమొదటి సూపర్‌హీరో అన్నది ఆ నోట్సు శీర్షిక. టికెట్లు అమ్ముకోవడానికి దేవుని వాక్యం చెప్పే చోటును వాడుకున్నారన్నమాట. అదే మాటను మనం ఇక్కడ డబ్బు కూడా తీసుకోకుండా ఉచితంగా ప్రచారం చేస్తున్నాం.

ఇక ‘ఆ బొమ్మల పుస్తకాలు సాతాను పనులు, చదవొద్దు’ అనే పెద్దలున్నారు. అయ్యా, అమ్మా, మీరు వద్దన్నంత మాత్రాన పిల్లలు మానరు. చదివేదాన్ని ఎలా ప్రశ్నించాలో నేర్పకపోతే వాళ్ళు చదివినదల్లా నమ్ముతారు. అందుకని నిషేధం మాట పక్కనపెట్టి, ఈమధ్య వచ్చిన సంచికల్లో ఏముందో చూద్దాం.

2024 అక్టోబరులో డీసీ సంస్థ ‘అబ్సల్యూట్’ పేరుతో కొత్త వరుస మొదలుపెట్టింది. పాత వీరులకున్న వసతులన్నీ తీసేస్తే వాళ్ళ దగ్గర ఏం మిగులుతుంది అన్నది ఆ వరుస అడిగే ప్రశ్న. స్కాట్ స్నైడర్ రాసి నిక్ డ్రగోటా బొమ్మలు వేసిన ‘అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్’ తీసుకోండి. పాత బ్రూస్ వేన్ కోటీశ్వరుడు. ఊరంతా పేదరికంలో మగ్గుతుంటే ఆ ఊళ్ళోకెల్లా ధనవంతుడు రాత్రిళ్ళు వేషం వేసుకుని జేబుదొంగల్ని కొట్టడం ఏం న్యాయమని నాకు ఎప్పటినుంచో అనుమానం. కొత్త బ్రూస్‌కు భవంతి లేదు, సేవకుడు లేడు. తండ్రి బడిపంతులు. బ్రూస్ సివిల్ ఇంజనీరు, ఊళ్ళో ఏ కట్టడం ఎక్కడ బలంగా ఉందో తెలిసినవాడు. ఛాతీ మీది గబ్బిలం గుర్తును ఊడదీస్తే అదే గొడ్డలి. ఈ కథలో అపారమైన ధనం ఉన్నది జోకర్ దగ్గర. ఆ ఒక్క మార్పుతో ఎనభై ఏళ్ళ కథ తలకిందులైంది. నాకు నచ్చనిది రక్తపాతం. గొడ్డలి అంత సులువుగా లేస్తుంటే న్యాయం ఏదో, కసి ఏదో తేడా తెలియకుండా పోతుంది.

నవంబరులో జేసన్ ఆరన్ రాసిన ‘అబ్సల్యూట్ సూపర్‌మ్యాన్’ వచ్చింది. బొమ్మలు రఫా సాండోవల్‌వి. ఇందులో క్రిప్టాన్ గ్రహం మనకు బాగా తెలిసిన లోకంలాగే ఉంటుంది. పైన పాలించే పండిత వర్గం, కింద ఒళ్ళొంచి పనిచేసే వర్గం. సూపర్‌మ్యాన్ తల్లిదండ్రులు ఆ కింది వర్గంవాళ్ళు. గ్రహం చచ్చిపోతోందని వాళ్ళు కనిపెడితే పాలకులు ఆ నిజాన్ని దాచిపెడతారు. మాల మాదిగ పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్ళకు ఈ కథ వేరే గ్రహంలో జరుగుతున్నట్టు అనిపించదు. భూమి మీదికొచ్చాక ఈ సూపర్‌మ్యాన్ బ్రెజిల్ గని కూలీల మధ్య కనిపిస్తాడు. ఆ కూలీల నెత్తిన కూర్చున్న కంపెనీ పేరు లాజరస్. ఒక్క క్షణం ఆగండి. లూకా సువార్తలో ధనవంతుని వాకిట కురుపులతో పడి ఉన్న బీదవాడి పేరు లాజరు. యేసు చెప్పిన ఉపమానాల్లో పేరున్న మనిషి ఆయనే. ధనవంతుడికి పేరే లేదు. ఆ బీదవాడి పేరును ఇక్కడ కంపెనీ పెట్టుకుంది. రచయిత ఆ ఉపమానాన్ని తలచుకుని రాశాడని నేననను, డీసీ కథల్లో ఆ మాట పాతదే. కానీ బైబిలు చదివేవాడు దాన్ని చూసి ఉలిక్కిపడకుండా ఉండలేడు. పేదల పేరు చెప్పి పేదల్నే పిండే సంస్థల్ని మనం ఎన్ని చూడలేదు?

మూడోది కెల్లీ థాంప్సన్ రాసిన ‘అబ్సల్యూట్ వండర్ వుమన్’. నా మట్టుకు నాకు మూడింటిలో ఇదే మేలు. డయానా పెరిగింది నరకంలో, పెంచింది మంత్రగత్తె. అయినా కరుణ పోలేదు. స్నేహితుణ్ణి నరకం నుంచి తిరిగి భూమికి పంపడానికి తన చేతినే అర్పించుకుంటుంది. ఎదుటివాణ్ణి ఎంత గట్టిగా కొట్టగలను అన్న ప్రశ్న వదిలి, ఎదుటివారికోసం ఏం పోగొట్టుకోగలను అని అడిగిన కథ అది. సువార్తకు దగ్గరగా వచ్చేది ఏదైనా ఉంటే అది ఆ పోగొట్టుకోవడమే, కండలు కావు.

ఇంత చెబితే తోటి అభిమానులు కొందరు నా మీదికి వస్తారు: ‘కామిక్స్‌లోకి కూలి, కులం, రాజకీయాలు ఎందుకు లాగుతావు? సరదాగా చదువుకోనీ!’ తమ్ముళ్ళారా, లాగింది నేను కాదు. 1938 జూన్ తేదీతో వచ్చిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలోనే సూపర్‌మ్యాన్ భార్యను కొట్టేవాడి చెయ్యి పట్టుకున్నాడు, సెనేటర్‌ను లోబరుచుకునే దళారిని భయపెట్టాడు. మూడో సంచికలో గని ప్రమాదం ఉంది. సూపర్‌మ్యాన్ గని యజమానినీ, విందుకొచ్చిన అతని అతిథుల్నీ పట్టు బట్టలతోనే గనిలో చిక్కుకుపోయేలా చేస్తాడు. పార పట్టుకుని ఒళ్ళు హూనమయ్యాకే యజమానికి కూలీల భద్రత గుర్తొస్తుంది. రాజకీయాలు ఆ కథలకు తర్వాత అంటుకున్న మురికి అనుకుంటే పొరపాటు. అవి పుట్టింది ఆ మట్టిలోనే.

వాటిని పుట్టించినవాళ్ళ గతి కూడా తెలుసుకోవాలి. జెర్రీ సీగెల్, జో షుస్టర్ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. సూపర్‌మ్యాన్ హక్కులన్నీ 1938లో వాళ్ళు అమ్ముకున్నది 130 డాలర్లకు. ఆ వీరుడి మీద కంపెనీ కోట్లు గడించింది. వాళ్ళు ముసలితనంలో ఇబ్బందులు పడి, పత్రికలకెక్కి పోరాడితే 1975లో ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్ల పింఛను, కథల మీద పేరు దక్కాయి. పట్టి ఉంచిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు పత్రిక చెబుతుంది. ప్రపంచమంతటికీ న్యాయం చేసే వీరుడు తన్ను పుట్టించినవాళ్ళ కూలి ఇప్పించలేకపోయాడు.

నా అసలు తగాదా ఇక్కడే. ఇటలీ రచయిత ఉంబెర్టో ఎకో 1962లోనే ఈ సంగతి ఎత్తిచూపాడు. కొండల్ని కదిలించగల సూపర్‌మ్యాన్ ఆకలినీ దోపిడీనీ ముట్టుకోడు, బ్యాంకు దొంగల్ని పట్టుకుంటూ తన పట్నంలోనే తిరుగుతుంటాడు అని. అబ్సల్యూట్ వరుస ఆ గోడను కొంత పగలగొట్టింది, సంతోషం. కానీ అందులో కూడా చివరికి గెలిచేది ఒక్కడి బలమే. గని కూలీలు భయపడతారు, పరుగెత్తుతారు, వీరుణ్ణి చూసి కన్నీళ్ళు పెట్టుకుంటారు. వాళ్ళు సంఘం కట్టి, సమ్మె చేసి, తమ కాళ్ళ మీద తాము గెలిచే సంచిక కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

సువార్త తెరవండి. అరణ్యంలో శోధకుడు యేసు ముందు పెట్టినవి మూడు. రాళ్ళను రొట్టెలు చెయ్యి. దేవాలయ శిఖరం మీదనుంచి దూకు, దూతలు పట్టుకుంటారు. నాకు మొక్కితే లోక రాజ్యాలన్నీ నీవే. సూటిగా చెప్పాలంటే అవి సూపర్‌హీరో ఉద్యోగానికి పిలుపులు. మూడింటినీ ఆయన కాదన్నాడు. రొట్టెలు తిన్న జనం బలవంతంగా రాజును చేయబోతే ఒంటరిగా కొండెక్కిపోయాడు. ఆ రొట్టెలు కూడా ఒక పిల్లవాడి దగ్గరున్న ఐదు, పంచింది శిష్యులు. తోటలో పట్టుకోవడానికి వచ్చినప్పుడు కత్తి దూసినవాణ్ణి ఆపాడు, దూతల సేనల్ని పిలవలేదు. సిలువ మీద ఉండగా దిగి రమ్మని ఎగతాళి చేసినవాళ్ళు కోరినది సూపర్‌హీరోనే. ఆయన దిగలేదు. అటువంటి ప్రభువుకు కండలు గీసి ఎర్ర గుడ్డ కట్టడమంటే, ఆయన తోసిపుచ్చిన శోధనను మనం తిరిగి ఆయన భుజాన వేయడమే.

ఇది బొమ్మ దగ్గర ఆగితే ఇంత కోపం వచ్చేది కాదు. మన జనానికి వీరుడి కోసం ఎదురుచూడటం ఒక జబ్బు అయింది. సినిమా హీరో కటౌట్‌కు పాలాభిషేకం చేసే కుర్రవాణ్ణి మనం విగ్రహారాధికుడంటాం. మరి సభల ఫ్లెక్సీల మీద క్రీస్తు కన్నా పెద్దగా పాస్టరుగారి మొహం వేసే మనల్ని ఏమనాలి? ఎవరో వస్తారు, చేయి చాపుతారు, రోగం పోతుంది, అప్పు తీరుతుంది, ఉద్యోగం వస్తుంది. అలా కాచుకు కూర్చునేలా తయారుచేసిన సంఘం కూలి రేటు గురించి, నీళ్ళ గురించి, శ్మశానానికి స్థలం గురించి తహసీల్దారు ముందు ఎప్పుడు నిలబడుతుంది?

సూపర్‌మ్యాన్ బలం సూర్యుడి నుంచి వస్తుందని కథ. మా పావగడ తాలూకాలోనూ సూర్యుడి నుంచి బలం తీసుకునే ఒక అద్భుతం ఉంది. తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్ళ భూముల్లో సుమారు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల సోలార్ పార్కు. పేరు ‘శక్తి స్థల’. 2018 మార్చి 1న ప్రారంభించారు. భూమిని కొనకుండా రైతుల నుంచి కౌలుకు తీసుకున్నారు, మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. వాన మొహం చాటేసి వేరుశెనగ ఎండిపోయే ఈ కరువు సీమలో భూమి ఉన్న రైతుకు అది పెద్ద ఆదరువు. దాన్ని నేను తక్కువ చేయను. కానీ కౌలు పట్టా ఉన్నవాడికే వస్తుంది. ఆ చేలల్లో కలుపు తీసి, కాయ పీకి బతికిన భూమిలేని కూలీకి, అందులో ఎక్కువగా దళితులకు, కౌలు రాదు, చేలో పనీ పోయింది. గొర్రెలు మేపేవాళ్ళకు మేత భూములు కంచె లోపలికి వెళ్ళాయి. కొందరికి దొరికింది పలకలు తుడవడం, గడ్డి కోయడం, కాపలా కాయడం. ఎగిరే వీరుడి కథ ఊళ్ళో జరిగితే ఇలాగే ఉంటుంది: పైనుంచి మహాబలం దిగుతుంది, ఫోటోలు దిగుతారు, కింద ఎవరు మిగిలిపోయారో ఎవరూ లెక్కపెట్టరు.

లెక్క అంటే ఇంకొకటి. అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ మొదటి సంచిక ధర 4.99 డాలర్లు, మన డబ్బుల్లో నాలుగు వందలకు పైమాటే. కర్ణాటకలో 2025-26కు ఉపాధి హామీ కూలి రోజుకు 370 రూపాయలు. శ్రామిక వీరుడి కథ ఒక్క సంచిక కొనాలంటే శ్రామికురాలి ఒకరోజు కూలి చాలదు.

అయితే చదవాల్సిన బొమ్మల కథ ఏది? 2011లో నవయాన ప్రచురించిన ‘భీమాయన’ ఉంది. అంబేడ్కర్ జీవితంలో నీళ్ళ కోసం, తలదాచుకునే గూడు కోసం, ప్రయాణంలో పడిన అవమానాల కథ. బొమ్మలు వేసింది పర్ధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం. మనుషుల్ని పెట్టెల్లో బంధించం అని వాళ్ళు కామిక్స్ గళ్ళనే కాదన్నారు. మంచి మాటలు పక్షి ఆకారంలో, కులం విషం కక్కే మాటలు తేలు కొండితో కనిపిస్తాయి. అందులో ఎవరూ ఎగరరు. 1927 మార్చి 20న మహాడ్ చెరువుకు అంబేడ్కర్ వెంట వేలమంది నడిచి వెళ్ళి నీళ్ళు తాగారు. ఒక్కడు దూకి అందరికీ నీళ్ళు తెచ్చిపెట్టలేదు, అందరూ వెళ్ళి తాగారు. ఆ తేడా మన యవ్వనస్థులకు అర్థమైతే చాలు.

కాబట్టి యవ్వనస్థులారా, కామిక్స్ మానొద్దు. సూపర్‌మ్యాన్ను చదవండి, బ్యాట్‌మ్యాన్ను చదవండి, డయానాను తప్పక చదవండి. చదివిన ప్రతి కథనూ మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో ఎవరి కూలి ఎగ్గొట్టారు? పేదలు మాట్లాడుతున్నారా, అరుస్తున్నారా? వీరుడు వెళ్ళిపోయాక వాళ్ళ దగ్గర ఏం మిగిలింది? అవే మూడు ప్రశ్నలు మీ ఎమ్మెల్యేను అడగండి, మీ సంఘ కాపరిని అడగండి, మీ యవ్వనస్థుల కూటమినీ అడగండి. వచ్చే నెల కూటానికి పేరున్న ప్రసంగీకుణ్ణి పిలవడానికి చందాలు వసూలు చేసే బదులు, మీ ఊళ్ళో భూమిలేని కూలి తల్లిని ఒకామెను కూర్చోబెట్టి గంటసేపు ఆమె మాట వినండి. పని ఎన్నాళ్ళు దొరికింది, కూలి ఎంత ముట్టింది, జాబ్ కార్డు ఎవరి దగ్గర ఉంది అని అడిగి రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని ఆమెతో కలిసి మరుసటి సోమవారం పంచాయతీ ఆఫీసుకు నడవండి.