దీపం కింది చీకటి

సాయంకాలం ఏడున్నర గంటలకు మా మలికిపురంలో నడకకు బయలుదేరితే ఒక విచిత్రం జరుగుతూండేది. ఇది 2018, 2019 సంవత్సరాల నాటి మాట. వీధి మొదటి ఇంట్లో ఒక అత్తగారు మాట ఎత్తుకునేది. రెండో ఇంటి ముందుకు వచ్చేసరికి కోడలు దానికి జవాబు చెబుతూండేది. కొబ్బరితోట మలుపు దగ్గర ఆ కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకునేది. కాలవగట్టు చేరేసరికి నాలుగిళ్ళలోంచి ఒకే ఏడుపు వినిపించేది. ఒక్క ముక్క పోకుండా కథంతా నడకలోనే వినేవాణ్ణి. టీవీ ముందు కూర్చున్న పాపం మాత్రం నాకు లేదు సుమండీ!

ఆ కథ ‘కార్తీకదీపం’. ఆ కోడలు దీప. చంటిపిల్లలు మొదలు పండుముసలమ్మల దాకా అందరికీ వంటలక్క.

“పాపం, మన దీపకు ఇవాళ ఏం కష్టం వచ్చిందో!” అని మా వీధి ఆడవాళ్ళు అనుకుంటూ వుంటే, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ దీప ఎవరో దగ్గరి చుట్టం కాబోలు ననుకునేవారు. తీరా చూస్తే ఆవిడ మన ప్రాంతం మనిషి కాదు, అసలు తెలుగు మనిషే కాదు. పేరు ప్రేమీ విశ్వనాథ్. కేరళలోని ఎర్నాకుళం వైపు ఆవిడ. మన కోనసీమను చూసినవాళ్ళు రెండో కేరళ అంటూ వుంటారు. మాకు దగ్గరలోని దిండిలో ఇళ్ళ పడవలు కూడా అక్కడి మోస్తరువే. ఆ కొబ్బరిచెట్ల కింది పిల్ల ఈ కొబ్బరిచెట్ల కింద ఆడపడుచు అయిపోయింది.

ఎలా అయిందంటే, అదొక కథ. 2014లో ఏషియానెట్ చానెల్లో ‘కరుత్తముత్తు’ అనే మలయాళ సీరియలు మొదలైంది. నల్లముత్యం అని ఆ పేరుకు అర్థం. అందులో కార్తిక అనే నల్లపిల్ల వేషం ఈమెది. కొంతకాలానికి ఆ వేషం చేతులు మారి మరొకరికి పోయింది. అక్కడితో ఆ ముత్యానికీ ఈమెకూ ఋణం తీరిపోవలసిందే. కాని 2017 అక్టోబరు 16న అదే కథ తెలుగులో స్టార్ మా చానెల్లో మొదలైనప్పుడు, పోయిన వేషం తిరిగి ఈమెను వెతుక్కుంటూ వచ్చింది. మలయాళంలో కథానాయిక పేరు కార్తిక కదా; తెలుగులో ఆ పేరు కథానాయకుడికి పోయి డాక్టర్ కార్తీక్ అయింది. ఆమె దీప అయింది. రెండూ కలిస్తే సీరియలు పేరు. డాక్టరు వేషం వేసినవారు నిరుపమ్ పరిటాల. టీవీ నటుడు, రచయిత ఓంకార్ గారి కుమారుడు.

చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. దీప నల్లపిల్ల. పుట్టింట్లో సవతితల్లి ఆరళ్ళు. డాక్టరు ప్రేమించి పెళ్ళాడాడు. అత్తగారు సౌందర్యకు నలుపంటే గిట్టదు. ఆ గండం గడిచేలోగా మౌనిత అనే ఆవిడ పన్నిన పన్నాగంతో మొగుడికి అనుమానం పుట్టింది. కడుపుతో వున్న దీప ఇల్లు వదిలింది. పుట్టిన కవల ఆడపిల్లల్లో ఒకతె తల్లి దగ్గర, ఒకతె తండ్రి దగ్గర. నలుగురికీ వండిపెట్టి పిల్లను పెంచుకుంది కనుక వంటలక్క.

నటించడం చూస్తే, సినిమా తారకు లేని కష్టం టీవీ నటికి వున్నదనిపిస్తుంది. ఆ సీరియలు 1,500 భాగాలకు పైగా నడిచింది. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలే అనుకున్నా, 500 గంటలు. రెండున్నర గంటల సినిమాలతో కొలిస్తే 200 సినిమాలు! అన్నిటిలోనూ ఒకే వేషం, ఒకే జడ, ఒకే దుఃఖం. పైగా భాష కొత్త. మనం విని కన్నీళ్ళు పెట్టుకున్న ఆ తెలుగు గొంతు కూడా ఆమెది కాదు, డబ్బింగు చెప్పిన మరొకరిది. గొంతు తనది కానిచోట నటికి మిగిలేవి కళ్ళు. ఆమె ఆ కళ్ళతోనే మన ఇళ్ళలోకి వచ్చింది.

2022లో కథ నడిపేవారు దీపను, కార్తీక్‌ను ప్రమాదంలో చంపేసి, పిల్లలను పెద్దవాళ్ళను చేశారు. జనం ఒప్పుకోలేదు. కొన్ని నెలలకే దీపను బతికించి తీసుకురావలసి వచ్చింది. సత్యవంతుణ్ణి బతికించుకోవడానికి సావిత్రి యముడి వెంట అంతదూరం నడిచింది. దీపను బతికించడానికి మన గృహిణులు టీవీ కట్టేస్తే సరిపోయింది! 2023 జనవరి 23న ఆ సీరియలు ముగిసింది. ఆ సంవత్సరమే ‘కస్టడీ’ సినిమాలోనూ ఆమె కనిపించింది. 2024 మార్చి 25న అదే జంటతో, అదే పేరు మీద మరో కథ మొదలైంది.

ఇంతవరకూ సంతోషమే. ఇక అసలు సంగతి.

తెలుగు మాస్టారిని కదా. పెళ్ళిసంబంధాల కోసం అమ్మాయి వివరాలు కాగితం మీద పెట్టవలసివస్తే మావైపు కొందరు నా దగ్గరకు వస్తారు. ఆ రోజుల్లోనే మాకు బాగా కావలసినవారి అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. ఎం.ఎస్సీ. చదివింది, ఉద్యోగం చేస్తోంది. “మాస్టారూ, రంగు సంగతి కాస్త నాజూగ్గా రాయండి” అన్నది తల్లి. రాశాను: చామనచాయ. నిజానికి పిల్ల నలుపు. నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

వసిష్ఠ గోదావరికి అవతలి నుంచి, చించినాడ వంతెన మీదుగా పెళ్ళివారు వచ్చారు. కాబోయే అత్తగారు కాఫీ తాగుతూ, “ఏడున్నరకల్లా ఇంటి దగ్గరుండాలండీ. ఇవాళ వంటలక్క సంగతి తేలిపోతుంది” అన్నది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. మర్నాడు కబురు వచ్చింది: పిల్ల బుద్ధిమంతురాలు, చదువూ బాగుంది, కాని ఛాయ తక్కువ.

నాలుగు రోజులు పోయాక ఆ అమ్మాయి వీధిలో ఎదురైంది.

“మాస్టారూ, వంటలక్క కోసం అంత ఇదైపోయే ఆవిడకు నేనెందుకు నచ్చలేదంటారు?”

“వాళ్ళ బుద్ధి అంతేనమ్మా” అన్నాను పెద్దమనిషి తరహాగా.

“ఆయ్, వాళ్ళ సంగతి సరేనండి. నా రంగు మీరెందుకు మార్చారు?”

నేను మారుమాట్లాడలేదు. ఏం మాట్లాడను? ప్రేమీ విశ్వనాథ్ సహజంగా నలుపు కాదు. ఆ నలుపు రోజూ పొద్దున్నే మేకప్ గదిలో పులిమిన నలుపు. టీవీవాళ్ళు తెల్లని పిల్లకు నలుపు పులిమారు. నేను నల్లని పిల్లకు తెలుపు పులిమాను. వాళ్ళకు రంగుల పెట్టె కావలసివచ్చింది, నాకు కలం చాలింది.

అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. దీప మీద మనకు అంత జాలి ఎందుకు కలిగింది? ఆ నలుపు రాత్రికి కడిగితే పోయే నలుపని లోపల ఎక్కడో మనకు తెలుసు కనుకనేమో! పండుగ కార్యక్రమాలలో ఆమె సొంత రంగుతో కనిపించినప్పుడు మా వీధిలో వినిపించిన మొదటి మాట ఆమె నటన గురించి కాదు. “అబ్బ, ఎంత తెల్లగా వుందమ్మా!” అన్నారు. ఇందులో నటి తప్పు ఏమీ లేదు. తనకిచ్చిన వేషం ఆమె నిజాయితీగా వేసింది. వేషం చూసి ఏడ్చి, మనిషిని చూసి మొహం తిప్పుకున్నది మనమే.

ఆ సీరియలు మెచ్చుకునేవాళ్ళు ఒక మాట అంటూ వుంటారు: రంగు నలుపైనా మనసు తెలుపు. ఎంత మంచి మాటో అనిపిస్తుంది. కాస్త నిదానించి చూడండి. మంచిదని చెప్పడానికి మనసును తెలుపు చెయ్యవలసి వచ్చింది! నలుపును వెనకేసుకు వచ్చేటప్పుడు కూడా తెలుపు కాళ్ళే పట్టుకుంటున్నాం. మన రాముడు నీలమేఘం రంగు. ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె నలుపును బట్టి వచ్చిందే. నలుపు దేవుడికి ఒప్పింది, పట్టమహిషికి ఒప్పింది. కోడలికి ఒప్పకపోవడమేమిటి?

ఇది మన ఒక్కరి జబ్బు కూడా కాదు. ఆ మలయాళ కథే కన్నడంలో ‘ముద్దులక్ష్మి’, తమిళంలో ‘భారతి కణ్ణమ్మ’, మరాఠీలో ‘రంగ్ మాఝా వేగళా’ అయింది. అన్ని భాషల ఇళ్ళలోనూ ఒకే అద్దం వేలాడుతున్నదన్నమాట. 1975 నుంచీ మన దేశంలో అమ్ముడవుతున్న ఫెయిర్ అండ్ లవ్లీ, 2020 జూలైలో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద అక్షరాలు మారాయి. నేను రాసిన ‘చామనచాయ’ కూడా అలాంటి డబ్బా మీది అక్షరమే.

ఆ మాట గుచ్చుకుని, వారం తిరక్కుండా ఆ అమ్మాయి వివరాలు మళ్ళీ రాశాను. ఈసారి ధైర్యంగా, రంగు: నలుపు, అని పెట్టాను. ఏదో సంఘసంస్కారం చేసినంత సంబరంతో తీసుకువెళ్ళి ఆమె చేతికే ఇచ్చాను. ఆ అమ్మాయి నిదానంగా చదివింది. కలం అడిగి తీసుకుంది. ఎత్తు వుంచింది, చదువు వుంచింది, ఉద్యోగం వుంచింది. రంగు అన్న వరుస అడ్డంగా కొట్టేసింది.

“చూడ్డానికి వస్తారు కదండీ” అన్నది. “వచ్చేవాళ్ళకు కళ్ళుంటాయి కదా.”

తరువాత ఆమెకు మంచి సంబంధమే కుదిరింది. ఆ కొట్టివేత వున్న కాగితం మాత్రం నా దగ్గరే వుండిపోయింది. ఇన్నేళ్ళుగా పిల్లల వ్యాసాలలో అక్కరలేని మాటలు కొట్టేస్తూ వస్తున్న నాకు, ఆ ఒక్క మాట అక్కరలేనిదని తట్టలేదు.