ధర ఊరికి చేరితే యార్డుకు నష్టమా?

ఇంటర్నెట్ అందని పల్లెలకు వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ విస్తరిస్తే తమకు ఒరిగేదేమిటన్న ప్రశ్న వర్తకులకు కలగడం సహజం. సరుకు బండికెత్తక ముందే రైతుకు రేటు తెలిసిపోతే కొనుగోలుదారుకు మిగిలేది తగ్గుతుందన్న శంక దీనికి మూలం. ఈ శంక నిరాధారం కాదు. అయితే లెక్క అంతటితో ముగియదు.

మధ్యప్రదేశ్ సోయాబీన్ మార్కెట్ అనుభవం ఇందుకు నిదర్శనం. ఐటీసీ కంపెనీ 2000లో అక్కడి గ్రామాల్లో ఇ-చౌపాల్ కేంద్రాలు ప్రారంభించింది. టెలిఫోను లైన్లు నమ్మదగినవి కాకపోవడంతో ఉపగ్రహ డిష్‌లు అమర్చి, ఊళ్లో ఒక రైతు ఇంట ఉంచిన కంప్యూటరుకు మండీ ధరలు అందించింది. ఆర్థికవేత్త అపరాజిత గోయల్ 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆ ప్రాంతపు మండీల్లోనే ధర 1 నుంచి 3 శాతం పెరిగింది. మండీల మధ్య ధరల తేడా తగ్గింది. సోయా సాగు కూడా పెరిగింది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. రేటు తెలిసినంత మాత్రాన చాలదు. కొనేందుకు మరొకరు నిలిచినప్పుడే రైతు మాటకు బలం. ఐటీసీ స్వయంగా కొనుగోలుకు దిగింది. ఇక, ధర పెరిగితే నొప్పి కలిగేది రైతు తెలియనితనంపై ఆధారపడిన దళారికే. సరుకు విలువపై కమీషన్ తీసుకునే ఏజెంటుకు నష్టం లేదు.

2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో మొదలైన ఇ-నామ్‌లో నిజామాబాద్ యార్డు కూడా ఉంది. రేటు తెర మీద కనిపించినా పసుపు కొమ్ము తేమ, నాణ్యత తేల్చవలసింది యార్డులోనే. దూరపు కొనుగోలుదారుకు ఆ భరోసా ఇవ్వగలిగిన వర్తకుడికి పని తగ్గదు.

ఖర్చూ భరించలేనిదేమీ కాదు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో అధిక భాగానికి 2018లో లైసెన్సు అవసరం తొలగింది. ఎత్తయిన కట్టడంపై యాంటెనా నిలిపితే, మధ్యలో అడ్డు లేనిచోట, కేబుల్ తవ్వకుండానే కొన్ని కిలోమీటర్ల దూరపు ఊరికి లింకు ఇవ్వవచ్చు. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి కింద చిన్న దుకాణదారు సైతం లైసెన్సు, ఫీజు లేకుండా వైఫై కేంద్రం నడపవచ్చు. యార్డు గోదాము పైకప్పు, కమీషన్ దుకాణం ఇందుకు అనువైన చోట్లు.

రేటు నేడో రేపో ఊరికి చేరక తప్పదు. వర్తక సంఘాలే పూనుకుని చేరవేస్తే రైతు బండి వారి కాంటాకు వస్తుంది. చేతులు ముడుచుకుంటే కంపెనీ కాంటాకు పోతుంది.